తనంతట తగ్గే జబ్బు, దాని చాటున దాగే జబ్బు

వైద్యం లేకుండానే తగ్గిపోయే జబ్బు రోగికి వరమే గాని, ఆ జబ్బును గురించి సమాజం ఏర్పరచుకునే తెలివిడికి అదే పెద్ద అడ్డంకి అవుతుంది. తగ్గే వేళకు పక్కన ఏ మందు ఉంటే ఆ మందుకు, ఏ చేయి ఉంటే ఆ చేతికి పేరు వస్తుంది, ఆ పేరు నోటినోటా పాకి తర్వాతి రోగిని కూడా అటే నడిపిస్తుంది. ముఖంలో ఒకవైపు కండరాలు హఠాత్తుగా చచ్చుబడి, మూతి రెండోవైపుకు లాక్కుపోయి, కన్ను మూతపడక, పుక్కిలించబోయిన నీరు పెదవి మూల నుంచి కారిపోయే స్థితి ఇటువంటి జబ్బులలో ముందు చెప్పుకోదగినది. పల్లెల్లో దీన్ని మూతి వంకర పోవడమనీ వాతం కమ్మిందనీ అంటారు, హైదరాబాదు పాతబస్తీలో లఖ్వా అంటారు, వైద్య గ్రంథాలు ముఖ పక్షవాతం అంటాయి. ఎక్కువమందిలో ఇది కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. సర్దుకోని కొద్దిమందిలోనూ, సర్దుకున్నట్టు కనిపించిన మరికొందరిలోనూ ఆ వంకర వెనక మధుమేహమో, కుష్ఠో, రక్తపోటో, రక్త క్యాన్సరో ఉండి ఉండవచ్చు. ఎక్కువమందికి కలిగే అదృష్టం ఈ కొద్దిమందికి ఎలా ముప్పుగా మారుతుందో చూడటమే ఇక్కడి పని.

మెదడు నుంచి బయలుదేరే 12 జతల కపాల నాడులలో ఏడవదైన ముఖ నాడి, చెవి చుట్టూ ఉన్న ఎముకలో సుమారు మూడు సెంటీమీటర్ల పొడవున మలుపులు తిరిగే ఒక ఇరుకు దారి గుండా ప్రయాణిస్తుంది. 16వ శతాబ్దపు ఇటలీ శరీర నిర్మాణ శాస్త్రవేత్త గాబ్రియెలె ఫలోపియో పేరు మీద దీన్ని ఫలోపియన్ కాలువ అంటారు. దాని ప్రవేశ ద్వారం వెడల్పు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అందువల్ల ఏ కారణంగానైనా నాడి వాచిందంటే, వాచిన వేలిని సడలని ఉంగరం నొక్కినట్టు ఆ ఎముకే దాన్ని నొక్కి, రక్తం అందకుండా చేసి, పని మాన్పిస్తుంది. ఈ దారిలోనే కన్నీటి గ్రంథికి, నాలుక ముందరి మూడింట రెండు వంతుల భాగపు రుచికి, పెద్ద శబ్దాల తాకిడిని తగ్గించే మధ్య చెవిలోని ఒక చిన్న కండరానికి పాయలు చీలిపోతాయి. అందుకే మూతి వంకర పోయిన మనిషి పప్పులో ఉప్పు తెలియడం లేదని అనడమూ, వంటింట్లో స్టీలు గిన్నె పడితే ఆ చెవి పట్టుకుని విలవిలలాడటమూ విడ్డూరం కాదు, నాడి ఎముక లోపలే దెబ్బతిన్నదనడానికి అవి ఆనవాళ్లు. చెవి కింది రంధ్రం గుండా బయటపడిన నాడి, గవదబిళ్లలలో వాచే పెరోటిడ్ అనే లాలాజల గ్రంథిలోకి చొరబడి, అక్కడ ఐదు ప్రధాన శాఖలుగా విడి, నుదుటి నుంచి మెడ వరకు ఆ వైపు కండరాలన్నిటికీ చేరుతుంది.

మెదడులో రక్తనాళం మూసుకుపోవడం వల్లనో చిట్లడం వల్లనో వచ్చే పక్షవాతంలో కూడా మూతి వంకర పోతుంది గనుక ఇంటిల్లిపాదీ ముందు హడలిపోయేది దానికే. రెంటినీ వేరుచేసే ముఖ్యమైన గుర్తు నుదుటి మీద ఉంటుంది. నుదుటి కండరాలకు మెదడు రెండు అర్ధభాగాల నుంచీ ఆజ్ఞలు అందుతాయి కాబట్టి, మెదడులో ఒకవైపు దెబ్బతగిలినా మనిషి కనుబొమలెత్తి నుదురు ముడవగలుగుతాడు. దెబ్బ నాడికే తగిలితే ఆ వైపు నుదుటి మీద ఒక్క గీత కూడా పడదు, కన్ను మూయబోతే రెప్ప సగంలో ఆగి తెల్లగుడ్డు మాత్రం పైకి తిరుగుతుంది. అయితే ఈ గుర్తును చూసుకుని ఇంట్లోవాళ్లు ధైర్యం తెచ్చుకుని కూర్చోవడం తగదు. చేయి జారినా, మాట తడబడినా, నడక తూలినా 108కు ఫోన్ చేయడమే సరైన పని, ఎందుకంటే మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వవలసి ఉంటుంది.

ఈ జబ్బును మనుషులు చాలా కాలంగా గమనిస్తూనే ఉన్నారు. ఆయుర్వేదం దీన్ని అర్దితమని పేర్కొని వాత వ్యాధులలో చేర్చింది. చరక సంహిత ముఖంతో పాటు సగం శరీరం పడిపోవడాన్ని కూడా ఈ పేరు కిందకే తెస్తే, సుశ్రుత సంహిత దీన్ని ముఖానికే పరిమితం చేసింది. అంతేకాదు, రోగి చిక్కి శల్యమైనా, రెప్ప వేయలేకపోయినా, మాట అస్పష్టంగానే ఉండిపోయినా, జబ్బు మూడేళ్లు దాటినా ఇక నయం కాదని సుశ్రుతుడు హెచ్చరించాడు. తగ్గే వంకర, తగ్గని వంకర ఒకటి కాదన్న ఎరుక, వాటి కారణాలు తెలియని ఆ కాలంలోనే ఉండటం విశేషం. పదో శతాబ్దపు తొలినాళ్ల వరకు జీవించిన పారశీక వైద్యుడు అల్ రాజీ కండరం బిగదీసుకోవడం వల్ల వచ్చే వంకరను, కండరం చచ్చుబడటం వల్ల వచ్చే వంకరను వేరుచేసి చూశాడు. జర్మనీలో నికోలాస్ ఫ్రీడ్రైక్ 18వ శతాబ్దం చివరనే కొందరు రోగుల వివరాలు ప్రచురించాడు. అయినా జబ్బుకు స్థిరపడిన పేరు మాత్రం ఎడింబరోలో పుట్టిన శస్త్రవైద్యుడు చార్లెస్ బెల్‌ది. ముఖ కవళికల శరీర శాస్త్రాన్ని చిత్రకారుల కోసం 1806లోనే పుస్తకంగా రాసిన ఈ వైద్యుడు, 1821లో రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో ముఖాన్ని కదిలించే నాడి వేరని, స్పర్శనిచ్చే నాడి వేరని వాదించాడు. నేడు బెల్ పక్షవాతం అన్న పేరు ఏ కారణమూ దొరకని ముఖ పక్షవాతానికి మాత్రమే చెల్లుతుంది. అంటే, మిగతా కారణాలన్నీ వెతికి, అవేవీ లేవని తేల్చుకున్న తర్వాతే పలకవలసిన పేరు అది.

ఆ వెతుకులాట ఎంత అవసరమో చెప్పే ఆధారం డెన్మార్క్ నుంచి వచ్చింది. కోపెన్‌హాగెన్ ప్రాంతంలో ఎరిక్ పీటర్సన్ అనే వైద్యుడు 25 ఏళ్లపాటు 2,500కు పైగా ముఖ నాడి పక్షవాతాలను పరిశీలించి 2002లో ప్రచురించిన లెక్కల ప్రకారం, వారిలో 1,701 మందికి ఏ కారణమూ దొరకలేదు, మిగిలిన దాదాపు మూడో వంతు మందిలో 38 రకాల కారణాలు బయటపడ్డాయి. కారణం దొరకనివారికి ఏ మందూ ఇవ్వకుండా కేవలం గమనించగా, 85 శాతం మందిలో మూడు వారాలలోపే ఎంతో కొంత కదలిక తిరిగి వచ్చింది, మిగిలిన 15 శాతానికి అది మూడు నుంచి ఐదు నెలల్లో వచ్చింది, మొత్తం మీద 71 శాతం మంది ముఖం పూర్తిగా మునుపటిలా అయింది. ఏ వైద్యమూ లేకుండా పదిమందిలో ఏడుగురు బాగుపడే జబ్బుకు పసరు పోసినా, తాయెత్తు కట్టినా, విటమిన్ సూదులు వేసినా పదింట ఏడు విజయాలు ఖాయంగా దక్కుతాయి. పసరు పోసే మనిషి మోసగాడు కానక్కర్లేదు. తన కళ్ల ముందు తగ్గిన ముఖాలను లెక్కపెట్టుకుని నమ్మకం పెంచుకున్నవాడే అయి ఉండవచ్చు. రక్తపరీక్ష కూడా చేయించకుండా, ఇది బెల్ పక్షవాతమే, కంగారు పడవద్దని పంపించే డాక్టరు నమ్మకానికి మూలమూ ఆ లెక్కే. చదువులో ఇద్దరికీ పోలిక లేకపోయినా, తగ్గినవారు తిరిగివచ్చి కృతజ్ఞత చెప్పడం, తగ్గనివారు మరో చోటికి వెళ్లిపోవడం ఇద్దరి అనుభవాన్నీ ఒకేలా వక్రీకరిస్తాయి.

కారణం దొరికే ఆ మూడో వంతులో తెలుగు నేల మరచిపోకూడని జబ్బు కుష్ఠు. ఈ వ్యాధిని కలిగించే సూక్ష్మజీవికి చల్లని చోట్లంటే ఇష్టం కాబట్టి, చర్మానికి దగ్గరగా సాగే నాడుల మీద దాని కన్ను పడుతుంది. ముఖ నాడి శాఖలలో చెంప ఎముక మీదుగా కంటికి వెళ్లే శాఖ అటువంటిది. అది దెబ్బతిన్నప్పుడు మూతి వంకర పోకపోవచ్చు, నవ్వు సరిగానే ఉండవచ్చు, కన్ను మాత్రం పూర్తిగా మూతపడదు, నిద్రలో కూడా రెప్పల నడుమ తెల్లని చీలిక కనబడుతుంది. దీనికి తోడు నల్లగుడ్డు పైపొరకు స్పర్శనిచ్చే ఐదవ నాడి కూడా దెబ్బతింటే, ఆరిపోయిన కంటిలో ధూళి పడినా, పుండు పడినా నొప్పి తెలియదు, నొప్పి లేనందువల్ల ఎవరూ ఆసుపత్రికి పరుగెత్తరు, చివరకు చూపు పోతుంది. బుగ్గ మీదనో కంటి దగ్గరనో మచ్చ ఎర్రబడి ఉబ్బినప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ. ఆ దశలో, నాడి పడిపోయి ఆరు నెలలు దాటకముందే స్టెరాయిడ్ మందు సరైన మోతాదులో మొదలైతే రెప్ప మళ్లీ పనిచేసే అవకాశం ఉంది. అది దాటిపోయినవారికి కణతల వద్ద నమలడానికి ఉపయోగపడే కండరం నుంచి ఒక పట్టీ తీసి రెప్పలకు కలిపే శస్త్రచికిత్స ఉంది. ఆ తర్వాత రోగి పళ్లు బిగబట్టి కన్ను మూయడం నేర్చుకోవాలి. గంటకు ఇన్నిసార్లని పళ్లు బిగబట్టడం అలవాటయ్యే వరకు ఫిజియోథెరపిస్టు పక్కన కూర్చుని సాధన చేయిస్తారు.

నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ వైద్యురాలు ప్రారంభించిన కుష్ఠు ఆసుపత్రి, 1958లో రాణి కుముదినీ దేవి హైదరాబాదు కూకట్‌పల్లిలో స్థాపించిన శివానంద పునరావాస గృహం ఈ వ్యాధిగ్రస్తులకు ఆశ్రయమిచ్చిన చోట్లు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సతో, అంటే సూక్ష్మజీవి మందుకు లొంగకుండా పోయే వీలు లేకుండా రెండు మూడు మందులు కలిపి ఆరు నెలలో ఏడాదో వాడటంతో, ఈ జబ్బు నయమయ్యే జబ్బయింది. 2005 చివరికి దేశవ్యాప్తంగా రోగుల సంఖ్య పదివేల జనాభాకు ఒకరికన్నా తగ్గింది. ఆ విజయం గొప్పదే. అయితే దాని తర్వాత చదువుకున్న వైద్యులలో చాలామంది స్పర్శ లేని మచ్చను స్వయంగా చూసి ఉండరు, జనమేమో పెద్ద రోగం పోయిందనే అనుకుంటున్నారు. ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త రోగులలో సగానికి పైగా ఇంకా భారతదేశంలోనే ఉన్నప్పుడు, కన్ను మూతపడని ఏ మనిషినైనా చొక్కా విప్పించి వీపు మీద పాలిపోయిన మచ్చలున్నాయేమో చూడటం, చెవి కింద మెడ పక్కన నాడి లావెక్కి చేతికి తగులుతుందేమో తడిమి చూడటం రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు దొరకకపోవడం బాధాకరం.

మధుమేహం విషయం వేరు, అది అందరికీ తెలిసిన జబ్బే, తెలిసినా పట్టించుకోరు. భారత వైద్య పరిశోధనా మండలి 2023లో ప్రకటించిన అధ్యయనం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్టు అంచనా వేసింది. చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్నప్పుడు నాడులకు రక్తం చేర్చే సన్నని నాళాలు పాడవుతాయి గనుక, ముఖ పక్షవాతంతో వచ్చినవారిలో మధుమేహం మామూలు జనంలో కన్నా ఎక్కువగా కనిపిస్తుంది, కొందరికి ఆ రోజు చేసిన షుగర్ పరీక్షతోనే ఆ సంగతి మొదటిసారి తెలుస్తుంది. అంతకన్నా భయపెట్టేది, వయసు మళ్లిన మధుమేహ రోగుల చెవిలో సూడోమోనాస్ అనే సూక్ష్మజీవి చేరి, చెవి గొట్టం నుంచి కపాలం అడుగు ఎముకకు పాకే సంక్రమణ. చెవిలో చీము కొద్దిగానే ఉంటుంది, పోటు మాత్రం రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వదు, కొన్ని వారాల తర్వాత మూతి వంకర పోతుంది. అప్పుడు దాన్ని బెల్ పక్షవాతమని పొరబడి స్టెరాయిడ్ మాత్రలు ఇస్తే చక్కెర పెరిగి, సంక్రమణ చెలరేగి, ప్రాణం మీదికి వస్తుంది. 2021లో కరోనా రెండో విజృంభణ సమయాన కోఠీలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిని నింపిన, పత్రికలు బ్లాక్ ఫంగస్ అని రాసిన మ్యూకర్ బూజు రోగులలో కూడా కొందరికి ముఖ నాడి పడిపోయింది. అదుపు తప్పిన చక్కెర, స్టెరాయిడ్ మందు కలిసిన చోట ఏమవుతుందో ఆ నెలలు తెలుగువారికి కళ్లకు కట్టాయి.

పిల్లల ముఖం వంకర పోయినప్పుడు జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. మూత్రపిండాల జబ్బు వల్ల పిల్లలకు రక్తపోటు తీవ్రంగా పెరగవచ్చు, దాని తొలి సూచన కొన్నిసార్లు మూతి వంకరే. 1869లోనే లండన్ వైద్యుడు మాక్సన్ మూత్రపిండాల వ్యాధి ఉన్న ఒక రోగి ఫలోపియన్ కాలువలో రక్తస్రావమై ముఖం పడిపోయినట్టు నమోదు చేశాడు. పెద్దల చేతికి కట్టే బీపీ పట్టీ పిల్లల చేతికి సరిపోదు, సరిపడే చిన్న పట్టీ చాలా క్లినిక్కులలో ఉండదు, అందువల్ల కొలవవలసిన అంకె కొలవకుండానే పోతుంది. ఇక రక్త క్యాన్సర్ కణాలు నాడి చుట్టూ పేరుకున్నప్పుడు కూడా ముఖ పక్షవాతమే మొదట బయటపడవచ్చు. ఇక్కడ స్టెరాయిడ్ తెచ్చే ప్రమాదం వేరే తీరుది. ల్యుకేమియా అనే ఆ క్యాన్సర్ చికిత్సలో స్టెరాయిడ్ కూడా ఒక మందు కాబట్టి, మూతి కోసం ఇచ్చిన మాత్రలు జబ్బును కొన్నాళ్లు అణచి, ముఖాన్ని బాగుచేసి, తల్లిదండ్రులను సంతోషపెట్టి, ఆ తర్వాత వచ్చే రోగనిర్ధారణను చిక్కుముడిగా మార్చివేస్తాయి. మందు మొదలుపెట్టకముందే ఒక సీబీపీ పరీక్ష, అంటే ఎర్ర, తెల్ల కణాలనూ ప్లేట్‌లెట్లనూ లెక్కించే మామూలు రక్తపరీక్ష చేయించాలని పిల్లల వైద్యులు పట్టుబట్టడానికి కారణం ఇదే.

రెండువైపులా ఒకేసారి పడిపోయిన ముఖం మరో చిక్కు తెస్తుంది. రెండువైపులూ సమానంగా జారినప్పుడు అసలు వంకరే కనిపించదు. మనిషి ముభావంగా ఉన్నాడనో, అలిగాడనో, దిగులు పడుతున్నాడనో ఇంట్లోవాళ్లు అనుకుంటారు, అతడు మాత్రం గ్లాసు పెదవులకు బిగించలేక నీళ్లు ఒలకబోసుకుంటూ ఉంటాడు. ఇటువంటి స్థితి బెల్ పక్షవాతంలో అరుదు కాబట్టి శరీరమంతటికీ సంబంధించిన జబ్బు కోసమే వెతకాలి. 1916లో ఫ్రెంచి వైద్యులు వర్ణించిన గీయన్ బారే సిండ్రోమ్, అంటే శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత నాడుల మీదనే దాడి చేసే జబ్బు, ఈ కారణాలలో ముఖ్యమైనది. 2025 ఆరంభంలో పుణేలో ఎక్కువగా ప్రబలి దేశమంతా వార్తల్లోకి ఎక్కింది కూడా అదే. కాళ్లలో మొదలైన నీరసం ముఖానికి ఎక్కి ఊపిరి తీసే కండరాలకు చేరకముందే గుర్తించాలి. హెచ్‌ఐవీ సోకిన తొలి వారాల్లోనూ ముఖం పడిపోవచ్చు. కళ్లు ఎర్రబడి, చెవుల ముందు గ్రంథులు వాచి, జ్వరంతో పాటు ముఖం పడిపోవడాన్ని 1909లో డెన్మార్క్ నేత్ర వైద్యుడు హీర్‌ఫోర్ట్ వర్ణించాడు, అది సార్కాయిడోసిస్ అనే వ్యాధి ఆకృతులలో ఒకటని తర్వాత తెలిసింది. ఆ వ్యాధి ఊపిరితిత్తుల ఎక్స్‌రేలో క్షయలా కనిపిస్తుంది గనుక మన దేశంలో పొరబడే అవకాశం మరీ ఎక్కువ. చోటు మారితే వెతకవలసిన కారణమూ మారుతుంది. న్యూజెర్సీలోనో కనెక్టికట్‌లోనో స్థిరపడిన తెలుగువారి బిడ్డకు వేసవిలో మూతి వంకర పోతే ఊళ్లో ఉన్న అమ్మమ్మ చలిగాలి తగిలిందంటుంది, అక్కడి డాక్టరు మాత్రం జింకలను పట్టి ఉండే పిడుదు కుట్టిందేమోనని అడుగుతాడు, ఎందుకంటే లైమ్ వ్యాధి ఆ ప్రాంతంలో ముఖ పక్షవాతానికి తెలిసిన కారణం.

ఇన్ని కారణాలున్నాయని చికిత్సను వాయిదా వేయడం కూడా తప్పే. స్కాట్లాండ్‌లో జరిగి 2007లో ప్రచురితమైన పరీక్షలో, 72 గంటలలోపు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టి పది రోజులు వాడినవారిలో తొమ్మిది నెలలకు 94.4 శాతం మంది పూర్తిగా కోలుకోగా, వాడనివారిలో 81.6 శాతమే కోలుకున్నారు. చెవిలో సర్పి పొక్కులున్నప్పుడు దానికి తోడు వైరస్ మందు కూడా ఇవ్వాలి. 1907లో అమెరికా వైద్యుడు రామ్సే హంట్ వివరించిన ఈ రకం పక్షవాతంలో కోలుకునేవారి శాతం తక్కువ. సర్పి మీద ఎర్రమన్ను పూసే అలవాటు ఉన్న చోట, డాక్టరు చూడవలసిన పొక్కులు ఆ పూత కిందనే ఉండిపోతాయి. మూడు రోజుల గడువు పసరు వైద్యంలోనే గడిచిపోకూడదు, షుగర్, బీపీ, సీబీపీ చూడకుండా మాత్రల చీటీ చేతికి రానూకూడదు. ఆ మూడింటి ఫలితాలూ ఏ చిన్న పట్టణపు ల్యాబులోనైనా అదే రోజు అందుతాయి కాబట్టి ఈ రెండు తొందరలకూ వైరుధ్యం లేదు. ఈలోగా కంటికి పగలు చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్, రెప్పను మూసి అంటించే మెత్తని టేపు తప్పనిసరి. ముఖం ఎలాగూ తగ్గుతుందన్న భరోసాతో కన్ను పోగొట్టుకున్నవారి సంగతి ఏ లెక్కలోకీ రాదు.

ఐదో నెల దాటాక కూడా ముఖంలో ఏ కదలికా రాని మనిషికి బెల్ పక్షవాతమన్న పేరును వెనక్కి తీసుకోవాలని ఆ కోపెన్‌హాగెన్ లెక్కలే చెబుతున్నాయి, ఎందుకంటే అక్కడ కారణం దొరకని రోగులలో ఆలస్యంగానైనా ఎంతో కొంత కదలిక రానివారు లేరు. ఒక్కరోజులో కాకుండా వారాల తరబడి మెల్లగా పడిపోయిన ముఖం, ఒకే వైపు పదే పదే పడిపోయే ముఖం, పడిపోతూ అదరుతున్న ముఖం పెరోటిడ్ గ్రంథిలోనో కపాలం లోపలో గడ్డ ఉందేమోనన్న అనుమానం కలిగించాలి, అప్పుడు ఎంఆర్‌ఐ అవసరమవుతుంది. మచ్చల కోసం చర్మాన్ని, వాపు కోసం చెవిని, చక్కెర కోసం రక్తాన్ని మరోసారి చూడవలసిన సమయం కూడా అదే. ఆచరణలో ఆ రెండో సందర్శనే జరగదు. మొదటి రోజు చీటీ మీద రాసిన పేరు పట్టుకుని రోగి ఊరూరా తిరుగుతాడు, తర్వాతి డాక్టరు ముఖాన్ని చూడటానికి బదులు ఆ చీటీని చదువుతాడు. మూతి వంకర మొదలైన తేదీ, నుదురు ముడతపడుతున్నదో లేదో, ఆనాటి షుగర్, బీపీ అంకెలు, తిరిగి రావలసిన తేదీ, అప్పటికి కదలిక లేకపోతే చేయవలసిన పరీక్షల పేర్లు మొదటి రోజునే అదే చీటీ మీద తెలుగులో రాసి ఇచ్చే ఆనవాయితీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలోనైనా మొదలుకావాలి. దానికి యంత్రాలూ నిధులూ అక్కర్లేదు, ఐదు వరుసలు పట్టే కాగితం చాలు.